కొలత వేరు... లెక్క వేరు!

సంక్రాంతి సెలవులకు బెంగళూరు నుంచి వచ్చిన కూతురు లాప్‌టాప్ తెరిచి తండ్రి ముందు పెట్టింది. తెర మీద మూడు గడియారాల బొమ్మలు. ఒకటి పాతికవేల పైచిలుకు, రెండోది యాభై వేలు, మూడోది లక్షకు దగ్గర్లో ఉంది.

‘‘వీటిలో ఏది కొనమంటావు నాన్నా?’’

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. ‘‘గడియారానికి లక్ష రూపాయలా? టైము చూసుకోడానికి చేతిలో సెల్లుంది కదమ్మా!’’

‘‘గడియారం కాదు నాన్నా, డైవ్ కంప్యూటర్. సముద్రంలో మునిగేటప్పుడు చేతికి కట్టుకుంటారు. ఎంత లోతులో ఉన్నాం, ఇంకెంతసేపు ఉండొచ్చు, ఎంత నిదానంగా పైకి రావాలి... అన్నీ ఇదే చెబుతుంది.’’

వంటింట్లోంచి తల్లి గొంతు వినిపించింది. ‘‘తాగడానికి నీళ్ళు లేని ఊళ్ళో పుట్టి, పోయి పోయి సముద్రంలో మునగాలా? ఆ డబ్బుతో నగ చేయించుకుంటే పడి ఉంటుంది కదా!’’

ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు. అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ ఊరి పిల్ల కిందటేడు అండమాన్ వెళ్ళి స్కూబా డైవింగ్ నేర్చుకుంది. 18 మీటర్ల లోతు దాకా దిగొచ్చని సర్టిఫికెట్టు కూడా తెచ్చుకుంది. అప్పుడు వాళ్ళిచ్చిన అద్దె కంప్యూటరుతో సరిపెట్టుకుంది. ఇప్పుడు ఆఫీసులోని స్నేహితులతో కలిసి ఫిబ్రవరిలో కర్ణాటక తీరాన మురుడేశ్వర వెళుతోంది. అక్కడి నుంచి పడవలో సుమారు 19 కిలోమీటర్లు పోతే నేత్రాణి దీవి. దాని చుట్టూ సముద్రంలో రంగురంగుల చేపలు, పగడాలు. ఈసారి సొంత కంప్యూటరుతో దిగాలని ఆ అమ్మాయి కోరిక.

తండ్రి కొనమనలేదు, వద్దనలేదు. ఒకే ఒక్క మాట అడిగారు.

‘‘ఇది కొలిచి చెబుతుందా, లెక్కగట్టి చెబుతుందా?’’

బావి నేర్పిన పాఠం

ఆ ప్రశ్న ఆయన నోట రావడానికి కారణముంది. భూగర్భ జలశాఖలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైన మనిషి. నెల నెలా పరిశీలక బోర్ల దగ్గరికి వెళ్ళి టేపు లోపలికి వదలడం, దాని చివరనున్న మొన నీటిని తాకి ‘కీచు’మనగానే ఆగి అంకె చూడడం, పుస్తకంలో రాయడం... ఇదీ ఉద్యోగం. పన్నెండు మీటర్లంటే పన్నెండు మీటర్లే. అందులో వాదనకు తావులేదు. అది కొలత.

ఆ బోరు కింద ఎన్ని ఎకరాలు పండుతాయన్నది మాత్రం లెక్క. రాయి ఎక్కడ పగిలి ఉంది, పక్క రైతు ఎన్ని గంటలు మోటారు వేస్తాడు, వచ్చే ఏడు ఎంత వాన పడుతుంది... ఇన్ని ఊహలు కలిస్తేనే ఆ లెక్క. కొలత తప్పదు. లెక్క తప్పొచ్చు. ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో ఆయన సొంత ఇంట్లోనే చూశారు.

నార్పల దగ్గరి వాళ్ళ పల్లెలో ఆరు నిలువుల లోతు బావి ఉండేది. చిన్నతనంలో నడుముకు బెండ్లు కట్టుకుని ఆయన, అన్నయ్య ఈత నేర్చుకున్నది అందులోనే. చుట్టూ బోర్లు పడ్డాక ఆ బావి ఎండిపోయింది. అన్నయ్య కూడా బోరు వేయించాలనుకున్నాడు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని పొలమంతా తిరిగిన మనిషి ఒకచోట ఆగి, ‘ఇక్కడ మూడంగుళాల నీళ్ళున్నాయి’ అన్నాడు. చూసి వచ్చినంత ధీమాగా చెప్పాడు. తమ్ముడు వారిస్తున్నా అన్నయ్య వినలేదు. ఒకటి కాదు, నాలుగు బోర్లు. చివరిది ఐదు వందల అడుగులు దాటినా తెల్లటి దుమ్ము తప్ప చుక్క నీరు రాలేదు. అప్పు తీర్చడానికి రెండెకరాలు అమ్మాల్సి వచ్చింది.

అందుకే ఎవరైనా ఒక అంకె చెబితే ఆయన వెంటనే అడిగే మాట అది. కొలతా? లెక్కా?

కూతురు కాసేపు ఆలోచించింది. ‘‘లోతు, టైము కొలుస్తుంది నాన్నా. మిగతాది... లెక్కగడుతుందనుకుంటా.’’

‘‘అనుకుంటా అంటే ఎట్లమ్మా? ఆ లెక్క ఏందో తెలుసుకుని కొందాం.’’

గోలీసోడా కథ

ఆ రాత్రి తండ్రీకూతుళ్ళు ఇద్దరూ మిద్దె మీద కూర్చున్నారు. తనకు తెలిసింది కూతురు చెబుతూ ఉంటే, ఆయన తనకు తెలిసిన భాషలోకి మార్చుకుంటూ విన్నారు.

మనం పీల్చే గాలిలో 78 శాతం నత్రజని. అది ఒంటికి అక్కర్లేదు, హానీ చేయదు. వచ్చింది వచ్చినట్టే పోతుంది. అయితే అది నేల మీద సంగతి. సముద్రంలో 10 మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. 30 మీటర్ల దగ్గర నాలుగు రెట్లు. ఆ ఒత్తిడికి తగ్గట్టే సిలిండర్ గాలి కూడా చిక్కబడి లోపలికి వెళుతుంది. నత్రజని రక్తంలో, కండలో, కొవ్వులో కరిగిపోతుంది. ఎంత లోతుకు దిగితే అంత, ఎంతసేపు ఉంటే అంత.

కరిగి ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. చిక్కంతా పైకి వచ్చేటప్పుడే. గోలీసోడాలో గ్యాసు ఉన్నట్టే తెలియదు. గోలీ నొక్కగానే ఒక్కసారిగా బుస్సున పొంగుతుంది. ఒత్తిడి తగ్గింది కాబట్టి కరిగిన గ్యాసు బుడగలై బయటికొచ్చింది. లోతు నుంచి మనిషి గబగబా పైకి వస్తే ఒంట్లో అదే జరుగుతుంది. ఆ బుడగలు కీళ్ళలో చేరితే భరించలేని నొప్పి. వెన్నుపాములోనో మెదడులోనో ఇబ్బంది పెడితే కాళ్ళూ చేతులూ చచ్చుబడే ప్రమాదం. దీన్నే డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు. డైవర్ల వాడుకలో ‘బెండ్స్’.

గోలీని కొద్దికొద్దిగా నొక్కి గ్యాసును నిదానంగా వదిలితే సోడా పొంగదు. డైవర్ కూడా అంతే. నిమిషానికి సుమారు 9 మీటర్లకు మించని వేగంతో రావాలి. పైకి తేలేముందు 5 మీటర్ల దగ్గర ఓ మూడు నిమిషాలు ఆగాలి.

‘‘మరి ఒళ్ళంతా ఒకేలా పీల్చుకుంటుందా?’’ అని అడిగారాయన.

‘‘లేదు నాన్నా. రక్తం ఎక్కువగా పారేచోట తొందరగా నిండి, తొందరగా ఖాళీ అవుతుంది. కొవ్వు లాంటివి నిదానం.’’

ఆయనకు అర్థమైపోయింది. ఇసుక నేల వానను ఇట్టే తాగుతుంది, ఇట్టే ఆరిపోతుంది. నల్లరేగడి నిదానంగా తాగుతుంది, రోజుల తరబడి తడి పట్టి ఉంచుతుంది. మన ఎర్రనేల మధ్యరకం. ఒంట్లోనూ అన్ని రకాల నేలలూ ఉన్నాయన్నమాట! మొదటి వాన తడి ఆరకముందే రెండో వాన పడితే ఏమవుతుంది? నేల తొందరగా బురదవుతుంది. ఒకే రోజు రెండోసారి మునిగినప్పుడు అనుమతించే సమయం తగ్గిపోవడానికి కారణం అదే. మొదటి మునక తాలూకు నత్రజని ఇంకా ఒంట్లోనే ఉంటుంది.

మేకల నుంచి కాకినాడ దాకా

ఈ లెక్కకు నూరేళ్ళ పైబడిన చరిత్ర ఉంది. 19వ శతాబ్దంలో నదుల అడుగున వంతెనల పునాదులు తవ్వడానికి కూలీలను గాలి ఒత్తిడి నింపిన గదుల్లోకి దించేవారు. పని ముగించుకుని పైకి వచ్చాక వాళ్ళు నొప్పులతో వంగిపోయేవారు. కొందరు చనిపోయారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వంతెన కట్టేటప్పుడు చీఫ్ ఇంజినీరు వాషింగ్టన్ రోబ్లింగ్‌కే 1872లో ఈ జబ్బు చేసింది. 1883లో వంతెన పూర్తయ్యేదాకా సైటుకూ ఆయనకూ మధ్య నిలబడి పని నడిపించింది ఆయన భార్య ఎమిలీ. ఈ జబ్బుకు మూలం నత్రజని బుడగలేనని 1878లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ట్ తేల్చారు.

ఎంత నిదానంగా పైకి రావాలన్న లెక్క మాత్రం బ్రిటన్‌కు చెందిన జాన్ స్కాట్ హాల్డేన్ చేశారు. ఒత్తిడి గదిలో మేకలను ఉంచి చేసిన పరీక్షలు అవి. ఒంటిని ఐదు రకాల భాగాలుగా ఊహించి, ఒక్కోటి సగం నిండడానికి 5 నుంచి 75 నిమిషాల దాకా పడుతుందని లెక్కగట్టి 1908లో పట్టికలు ప్రకటించారు. ఆ పరీక్షల రోజుల్లోనే, 1906లో, 13 ఏళ్ళ కొడుకును డైవింగ్ సూటు తొడిగి సముద్రంలోకి దించారు. ఆ పిల్లాడే తర్వాతి కాలంలో ప్రపంచ ప్రసిద్ధుడైన శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్.

1939లో థీటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయారు. ఆ తర్వాత కొడుకు హాల్డేన్ తనమీదే ఒత్తిడి ప్రయోగాలు చేసుకున్నారు. వాటిలో మూర్ఛలు వచ్చాయి, గాయాలయ్యాయి. అయినా మానలేదు. 1957లో భారతదేశానికి వచ్చేశారు. ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన దేహాన్ని వైద్యవిద్యకు వాడాలని రాసిపెట్టిన ఆయన, దాన్ని అప్పగించమన్నది ఎక్కడికో తెలుసా? మన కాకినాడలోని రంగరాయ మెడికల్ కాలేజీకి!

సెల్లులో ఆ సంగతి చదివి తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. లెక్క చేసినవాళ్ళు దాన్ని ముందు తమ ఒంటి మీదే పరీక్షించుకున్నారు. కొబ్బరికాయ పట్టుకుని పొలం తిరిగిన మనిషికీ వీళ్ళకూ తేడా అక్కడే కనిపించింది ఆయనకు.

ఆ పట్టికలే చాలాకాలం డైవర్లకు ఆధారం. తర్వాత స్విట్జర్లాండ్‌కు చెందిన డాక్టర్ బూల్‌మాన్ ఐదు భాగాలను పదహారుకు పెంచి లెక్కను మెరుగుపరిచారు. 1983 ప్రాంతంలో ‘ఎడ్జ్’, ‘డెకో బ్రెయిన్’ వంటి పరికరాలతో ఇలాంటి లెక్కలు నీళ్ళలోకి దిగాయి. పట్టికతో అయితే, దిగిన అత్యధిక లోతులోనే మొత్తం సమయం గడిపినట్టు లెక్క వేసుకోవాలి. ఒక ప్రసిద్ధ పట్టిక ప్రకారం 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలు, 30 మీటర్ల దగ్గర 20 నిమిషాలు. కంప్యూటరు అట్లా కాదు. కొన్ని క్షణాలకోసారి లోతు చూసుకుంటూ, పైకి వస్తే ఆ మేరకు సమయం పెంచుతూ, లోతుకు పోతే తగ్గిస్తూ చెబుతుంది. సౌకర్యం అదీ.

దానికి తెలియనివి

‘‘సరే, నీ గురించి దానికేం తెలుసు?’’ అన్నారాయన మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ.

తెలిసింది రెండే. నీటి ఒత్తిడి, గడిచిన సమయం. ఒత్తిడిని బట్టి లోతు చెబుతుంది. ఉప్పునీరు మంచినీటికన్నా రెండు మూడు శాతం బరువు కాబట్టి ఆ లోతు అంకెలోనూ కొద్ది తేడా ఉంటుంది. చాలా రకాల్లో ఏ నీరో మనం ఎంచుకోవచ్చు. ఇక నత్రజని ఎంత చేరిందన్నది శుద్ధ లెక్క. ఒంట్లోకి సూది గుచ్చి చూసింది కాదు.

రాత్రి నిద్రలేదని దానికి తెలియదు. నీళ్ళు తాగక ఒళ్ళు ఎండిందనీ, కిందటి రోజు మందు పార్టీ జరిగిందనీ తెలియదు. అలల్లో ఎదురీది అలిసిపోయారనీ, చలికి వణుకుతున్నారనీ మామూలు రకాలకు తెలియదు. వయసు, బరువు, పాత గాయం... ఏవీ తెలియవు. కంప్యూటరు చెప్పిన హద్దు లోపలే ఉన్నా బెండ్స్ వచ్చినవాళ్ళున్నారు. అరుదే కానీ, ఉన్నారు. అందుకే హద్దు చివరిదాకా పోకుండా కొంత మిగుల్చుకోవాలని అనుభవజ్ఞులు చెబుతారు.

అనంతపురం రైతులకు ఇది కొత్త సంగతేమీ కాదు. 2000 దశకంలో ఈ జిల్లాతోపాటు ఏడు జిల్లాల్లో రైతులే తమ భూగర్భజలాలను కొలుచుకునే కార్యక్రమం నడిచింది. ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో సాగిన దాన్ని ‘ఏపీఫామ్స్’ అనేవారు. ఊళ్ళో వాన ఎంత పడిందో, బోర్లలో నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో రైతులే కొలిచి, గోడ మీద రాసి, అందరూ కూర్చుని జల బడ్జెట్ వేసుకున్నారు. దాన్ని బట్టి ఏ పంట వేయాలో ఎవరికి వారే తేల్చుకున్నారు. పరికరం అంకె చెప్పింది. నిర్ణయం మనిషిదే.

మూడింటిలో ఏది?

ఇక కొనే సంగతి. ఇద్దరూ ఓ కాగితం తీసుకుని, ఏది ముఖ్యమో ఏది కాదో రాసుకున్నారు.

మొదటిది, అంకెలు. మసక నీళ్ళలో, ముఖానికి అద్దం ఉండగా, ఒక్క చూపులో చదవగలగాలి. ముఖ్యంగా మూడు అంకెలు... లోతు, గడిచిన సమయం, మిగిలిన సమయం. షాపులో వెలుగులో బాగున్నది నీళ్ళలో బాగుండకపోవచ్చు. అవకాశం ఉంటే ముందు అద్దెకు తీసుకుని వాడి చూడడం మేలు.

రెండోది, బ్యాటరీ. కొన్నిటికి మనమే మార్చుకోవచ్చు. కొన్నిటిని సర్వీసు సెంటరుకు పంపాలి. కొన్ని ఛార్జింగ్ పెట్టేవి. మనమే మార్చేటట్టయితే రబ్బరు రింగు సరిగా కూర్చోవాలి. లేదంటే మొదటి మునకలోనే నీళ్ళు చేరతాయి.

మూడోది, గాలి రకం. కొందరు డైవర్లు ఆక్సిజన్ ఎక్కువున్న ‘నైట్రాక్స్’ వాడతారు. 32 శాతం ఆక్సిజన్ ఉంటే నత్రజని తక్కువ చేరుతుంది, నీళ్ళలో ఎక్కువసేపు ఉండొచ్చు. అయితే లోతుకు పోతే ఆ ఆక్సిజనే విషమవుతుంది. 33 మీటర్లు దాటకూడదు. సిలిండర్‌లో ఏముందో కంప్యూటరుకు తెలియదు, మనమే చెప్పాలి. తప్పు చెబితే అదీ తప్పే చెబుతుంది. దీనికి విడిగా శిక్షణ కావాలి.

నాలుగోది, సిలిండర్‌లో మిగిలిన గాలిని వైర్లు లేకుండా తెర మీద చూపే సదుపాయం. ఖరీదు పెరిగేది చాలావరకు ఇక్కడే. బాగుంటుంది, కానీ కొత్తవాళ్ళకు తప్పనిసరి కాదు. ముల్లు ఉన్న మామూలు మీటరు ఎలాగూ ఉంటుంది.

ఐదోది, జాగ్రత్త స్థాయి. ఒకే మునకకు ఒక కంపెనీ పరికరం 40 నిమిషాలంటే ఇంకోటి 34 అనొచ్చు. ఏదీ తప్పు కాదు. లెక్కలో పెట్టిన ఊహలు వేరు. జంటగా దిగినప్పుడు తక్కువ సమయం చెప్పినదాని మాటే ఇద్దరూ వినాలి. ఒకరి కంప్యూటరు ఇంకొకరు కట్టుకోకూడదు. ఒక మునక ఒకదానితో, రెండోది ఇంకొకదానితో దిగకూడదు. ఎవరి ఖాతా పుస్తకం వారిదే!

‘‘100 మీటర్ల దాకా నీళ్ళు చొరవవని నా స్మార్ట్‌వాచ్ మీద కూడా ఉంది కదా, అది చాలదా?’’ అని పక్కింటి కుర్రాడు అడిగాడు. నీళ్ళు చొరకపోవడం వేరు, నత్రజని లెక్క చెప్పడం వేరు. యాపిల్ వాచ్ అల్ట్రా లాంటి కొన్ని గడియారాలు తగిన యాప్‌తో 40 మీటర్ల దాకా డైవ్ కంప్యూటరుగా పనిచేస్తాయి. అన్నీ పనిచేయవు.

చివరికి ఆ అమ్మాయి పాతికవేల రకమే ఎంచుకుంది. పెద్ద అంకెలు, రెండే బటన్లు, మనమే మార్చుకునే బ్యాటరీ. లక్ష రూపాయలదాన్లో ఉన్న సదుపాయాల్లో సగం తనకు అర్థం కాలేదని నిజాయితీగా ఒప్పుకుంది. ‘‘అర్థం కానిది నీళ్ళ కింద అసలే అర్థం కాదు’’ అన్నారు తండ్రి. మిగిలిన డబ్బు గురించి తల్లి ఏదో అనబోయి నవ్వి ఊరుకుంది.

విమానం బొమ్మ

కంప్యూటరు వచ్చింది. దాంతోపాటు వచ్చే మాన్యువల్ ఫోనులో చూసుకోవాలట. ఆయనకు అది కుదరదు. టవర్‌క్లాక్ దగ్గర జిరాక్స్ షాపులో మొత్తం ప్రింటు తీయించుకున్నారు. అరవై పేజీలు. ఉద్యోగంలో ఉన్నప్పటి అలవాటుగా ఎర్ర పెన్నుతో గీతలు గీస్తూ చదివారు.

‘ఎత్తు’ అన్న పేజీ దగ్గర ఆగిపోయారు. 300 మీటర్ల ఎత్తు దాకా ఈ పరికరం సముద్రమట్టంగానే లెక్కేస్తుందట. అది దాటితే సెట్టింగు మార్చాలి. కొన్ని కంపెనీలవి 700 మీటర్ల దాకా ఊరుకుంటాయి. అనంతపురం ఎత్తు సుమారు 335 మీటర్లు. ‘‘మన మిద్దె మీద నిలబడినా దీని దృష్టిలో కొండెక్కినట్టే!’’ అని నవ్వుకున్నారు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి ఈ జాగ్రత్త.

నవ్వుతూనే పేజీ తిప్పారు. అక్కడ ఓ విమానం బొమ్మ. డైవింగ్ అయ్యాక కొన్ని గంటలపాటు ఆ బొమ్మ తెర మీద కనిపిస్తుందట. అది ఉన్నంతసేపూ విమానం ఎక్కకూడదు. విమానంలో ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు. ఒంట్లో మిగిలిన నత్రజని అక్కడ బుడగలు కట్టొచ్చు.

ఆయన నవ్వు ఆగింది. ఫోను తీసి కూతురికి కలిపారు.

‘‘మురుడేశ్వర నుంచి తిరుగు ప్రయాణం ఎప్పుడమ్మా?’’

‘‘ఆదివారం పొద్దున రెండు డైవులు నాన్నా. మధ్యాహ్నం ఒంటిగంటకు ఒడ్డుకొస్తాం. సాయంత్రం ఐదింటికి స్లీపర్ బస్సు. సోమవారం పొద్దున్నే ఆఫీసుకు అందుకోవచ్చు.’’

‘‘ఆ బస్సు కనుమలు ఎక్కే కదా బెంగళూరు చేరేది?’’

‘‘అవును... కానీ విమానం కాదు కదా నాన్నా, బస్సే!’’

‘‘బస్సయినా ఎత్తు ఎత్తే కదమ్మా. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది. గోలీసోడాకు అది బస్సో విమానమో తెలుస్తుందా?’’

అవతల మాట లేదు.

డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్, 2002లో జరిగిన నిపుణుల సదస్సు తర్వాత కొన్ని సూచనలు చేసింది. ఒకే మునక అయితే కనీసం 12 గంటలు, అదే రోజు ఒకటికన్నా ఎక్కువ మునకలు లేదా వరసగా కొన్ని రోజులు దిగితే కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. దారిలో తప్పనిసరిగా ఆగాల్సిన డీకంప్రెషన్ మునకలైతే 18 గంటలకన్నా బాగా ఎక్కువ. విమానంలో ఒత్తిడి సుమారు 600 నుంచి 2400 మీటర్ల ఎత్తుతో సమానంగా ఉన్నప్పటికి వర్తించే సూచనలివి. బెంగళూరు 600 దాటే ఉంది. కనుమ దారులూ ఆ ఎత్తుకు తీసుకుపోయేవే. రెండు మునకలయ్యాక నాలుగైదు గంటల్లోనే బస్సెక్కి, రాత్రి పడుకున్నచోటే ఆ ఎత్తుకు చేరడం ఈ సూచనలకు సరిపోదు. అట్లా పోయిన ప్రతివాళ్ళకూ ఏదో అవుతుందని కాదు. అయితే మాత్రం నడిరాత్రి, కదిలే బస్సులో, ఏ ఆసుపత్రికీ దగ్గరలేని చోట అవుతుంది.

కంప్యూటరు విమానం బొమ్మ చూపిస్తుంది. బస్సు బొమ్మ చూపించదు. ఆ బొమ్మ వెనకున్న లెక్క తెలిస్తేనే బస్సు కూడా గుర్తుకొస్తుంది.

సోమవారం సెలవు

ఆ అమ్మాయి స్నేహితులతో మాట్లాడింది. మొదట ఇద్దరు ఒప్పుకోలేదు. ‘‘ఏటా ఎంతమంది పోవడం లేదు?’’ అన్నారు. అక్కడి డైవింగ్ శిక్షకుడికి ఫోను చేసి అడిగితే, రాత్రికి తీరంలోనే ఉండిపోవడం మంచిదన్నాడు. దాంతో నలుగురూ సోమవారం సెలవు పెట్టారు. బస్సు టికెట్లు మార్చుకున్నారు. ఒక్కొక్కరికి అదనపు ఖర్చు పదిహేను వందల లోపే.

వెళ్ళేముందు తండ్రి ఇంకో కాగితం రాసి ఫొటో తీసి పంపారు. నీళ్ళు బాగా తాగాలి. ముందురోజు రాత్రి నిద్రపోవాలి. లోతైన మునక ముందు, లోతు తక్కువది తర్వాత. కంప్యూటరు హద్దు కన్నా ఐదు నిమిషాలు ముందే తిరుగుముఖం పట్టాలి. పైకి వచ్చాక కీళ్ళ నొప్పి, చర్మం మీద మచ్చలు, తిమ్మిరి, తల తిరగడం, విపరీతమైన నిస్సత్తువ... ఏది కనిపించినా ‘అలసటలే’ అని సర్దుకోకుండా వెంటనే చెప్పాలి. ఆక్సిజన్ సిలిండరు పడవలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఒత్తిడి గది చికిత్స దొరికే ఆసుపత్రి ఎక్కడుందో అడిగి నంబరు రాసుకోవాలి.

ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నరకు ఫోను మోగింది.

‘‘నాన్నా, మొదటి డైవు 16 మీటర్లు, 41 నిమిషాలు. రెండోది 12 మీటర్లు, 44 నిమిషాలు. తాబేలును చూశాను!’’

‘‘విమానం బొమ్మ ఉందా?’’

‘‘ఉంది.’’

‘‘ఎట్లుంది ఒళ్ళు?’’

‘‘బాగుంది నాన్నా. ఇప్పుడే నిమ్మకాయ నీళ్ళు తాగినా. సాయంత్రం గుడికి పోతాం.’’

ఆయన బీరువాలోంచి పాత నోటుపుస్తకం తీశారు. ఒకప్పుడు బోర్ల నీటిమట్టాలు రాసుకున్న పుస్తకం అది. చివర్లో కొన్ని ఖాళీ పేజీలున్నాయి. తేదీ వేసి, కింద రెండు గీతలు గీసి రాశారు... 16 మీ. 41 ని., 12 మీ. 44 ని. ముప్ఫై ఏళ్ళు ఆ పుస్తకంలో లోతు అంకెలు పెరిగినప్పుడల్లా ఆయన మనసు బరువెక్కేది. లోతు రాస్తూ సంతోషపడడం ఇదే మొదటిసారి.

సోమవారం మధ్యాహ్నం నుంచి కూతురి చేతికున్న తెర మీద విమానం బొమ్మ లేదు. ఆ తర్వాతే బస్సు కదిలింది.